ఇంట్లో తొలిసారి నారు పెంచేవారికి: ఏ పద్ధతిలో నీరు, ఎప్పుడు ఏ ఎరువు

ట్రేలో విత్తనం వేసి మొలక కనిపించిందో లేదో, కొత్తవారికి వచ్చే మొదటి సందేహం దీనికి ఏ ఎరువు వేయాలన్నదే. ఆ రోజున దానికి సరైన జవాబు ఏదీ వద్దనే. టమాటా, వంగ, మిరప విత్తనాల్లో మొలకకు కావలసిన తొలి ఆహారం నిల్వ ఉంటుంది. మొదట విచ్చుకునే రెండు నున్నని ఆకులు, అంటే బీజదళాలు, ఆ నిల్వతోనే పైకి వస్తాయి. వాటి నడుమ నుంచి అసలు ఆకు తొంగిచూసే దాకా ఆ మొక్కకు కావలసింది తగుమాత్రం తడి, మంచి వెలుతురు, కాస్త గాలి. ఇంట్లో పెరిగే నారు ఆకలితో చావడం నేను దాదాపు చూడలేదు కానీ నీరెక్కువై చావడం మాత్రం చాలాసార్లు చూశాను. అందుకే ఈ పోలికలో ఎరువుకన్నా ముందు నీటి సంగతి, నీటికన్నా ముందు విత్తనం వేసే మాధ్యమం సంగతి చెప్పుకోవలసి వస్తోంది.

నేను దృష్టిలో పెట్టుకున్నది హైదరాబాదు, విజయవాడ వంటి ఊళ్ళలో అపార్ట్‌మెంటు కిటికీ దగ్గరో, ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు కిందో ఒకటి రెండు ట్రేల నారు పెంచుకునే ఇంటిని. మృగశిర కార్తెలో కుండీల్లోకి మార్చాలంటే టమాటా నారుకు 25 నుంచి 30 రోజుల వయసు ఉండాలి కనుక కృత్తిక కార్తెలోనే విత్తనం పడాలి. వంగకు మరో వారం, మిరపకు అంతకన్నా ఎక్కువ, అంటే దాదాపు 40 రోజులు పడుతుంది కనుక వాటిని ఇంకా ముందే వేసుకోవాలి. ఆ నెలల్లో బాల్కనీ ఎండ లేత మొలకను ఒక్క పూటలో మాడ్చేయగలదు కాబట్టి నారును ఇంటి లోపల పెంచడం సరదా కోసం కాక అవసరం కొద్దీ చేసే పనే అవుతుంది.

ముందు మాధ్యమం

తోటమట్టి, ఉత్తి కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కోకోపీట్‌లో వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) కలిపిన మిశ్రమం అనే మూడింటిలో ఏది వేశారన్నదాని మీదే తరవాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. తోటమట్టిలో పోషకాలు ఉన్నా, ప్రోట్రే (చిన్న చిన్న గుంతలుండే నారు ట్రే) గుంతంత చిన్న చోట అది గట్టిపడి వేరుకు గాలి ఆడనివ్వదు. పైగా నారుకుళ్ళు తెగులు తెచ్చే శిలీంధ్రాలు అందులో ముందే ఉండవచ్చు. ఇంటి లోపలి నారుకు దాన్ని నేను సిఫారసు చేయను.

ఉత్తి కోకోపీట్ తేలికగా, శుభ్రంగా ఉంటుంది, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. అయితే అందులో మొక్కకు తినడానికి దాదాపు ఏమీ ఉండదు. పైగా కొబ్బరి పీచు నుంచి వచ్చిన పొట్టు కాబట్టి సరిగా కడగని దిమ్మల్లో సోడియం, పొటాషియం, క్లోరైడు లవణాలు మిగిలి ఉంటాయి. 650 గ్రాముల దిమ్మ నానితే సుమారు ఎనిమిది లీటర్ల పొట్టు వస్తుంది. దాన్ని పాత చీర ముక్కలో మూటకట్టి, పిండి, మళ్ళీ నీళ్ళు పోసి, పిండిన నీరు టీ రంగు పోయి తేటబడే వరకు కడిగితే మంచిది. ప్యాకెట్టు మీద కడిగినదని రాసి ఉన్నా నేను రెండుసార్లు కడుగుతాను. ఆ పదిహేను నిమిషాల శ్రమ తరవాత ఆకుల అంచులు ఎందుకు మాడుతున్నాయో అర్థంకాక తల పట్టుకునే అవస్థను తప్పిస్తుంది.

తొలిసారి వేసేవారికి నా ఎంపిక మూడోది. కడిగిన కోకోపీట్ రెండు పాళ్ళు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు ఒక పాలు కలిపితే చాలు. వర్మీకంపోస్టులో నత్రజని తక్కువే, బరువులో ఒకటి రెండు శాతం మాత్రమే ఉంటుంది కానీ అది నెమ్మదిగా అందుతుంది కనుక లేత వేరును కాల్చదు. ఈ మిశ్రమంలో వేసిన టమాటా నారుకు కుండీలోకి మారేవరకు వేరే ఎరువు అక్కరలేకపోవచ్చు కూడా. చివికీ చివకని పశువుల ఎరువును మాత్రం ఇంట్లోకి తేవద్దు. అది మాగుతూ వేడి పుట్టిస్తుంది, దాని వెంట చిన్న ఈగలు కూడా వస్తాయి.

పైనుంచి పోయాలా, కిందినుంచి తాగించాలా

నీరు పెట్టడానికి ఇళ్ళలో వాడుకలో ఉన్నవి మూడు పద్ధతులు. స్ప్రేయరుతోనో, మూతకు సన్నని బెజ్జాలు పెట్టిన సీసాతోనో పైనుంచి చల్లడం ఒకటి. అడుగున నీళ్ళు పోసిన పళ్ళెంలో ట్రేను పెట్టి కింది బెజ్జాల గుండా పీల్చుకోనివ్వడం రెండోది. నూలు వత్తి ఒక కొసను మాధ్యమంలో, ఇంకో కొసను నీళ్ళ గిన్నెలో ఉంచి తడి దానంతట అది ఎక్కేలా చేయడం మూడోది.

విత్తనం వేసిన రోజు నుంచి మొలక వచ్చే వరకు పైనుంచి సన్నగా చల్లడమే మేలు, ఎందుకంటే అరసెంటీమీటరు లోతులో ఉన్న విత్తనానికి పై పొర ఆరకుండా ఉండటం ముఖ్యం. టమాటాకు ఐదారు రోజులు, వంగకు ఏడు నుంచి పది రోజులు, మిరపకు ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల వరకు ఈ దశ సాగుతుంది. మొలక బయటపడిన తరవాత కూడా అదే స్ప్రేయరును పట్టుకుని పూటకోసారి చల్లుతూ ఉండటంలోనే కొత్తవారు దెబ్బతింటారు. స్ప్రేయరు పై పొరను మాత్రమే తడుపుతుంది. పైన నిగనిగలాడుతున్న తడిని చూసి మనం తృప్తిపడతాం కానీ వేరు ఉన్న అడుగున పొడిగానే ఉండవచ్చు. అదే సమయంలో కాండం మొదలు ఎప్పుడూ తడిగా ఉండి పిథియం, రైజోక్టోనియా వంటి తెగులు సూక్ష్మజీవులకు అనువైన చోటుగా మారుతుంది.

నా మొదటి మిరప ట్రే అలాగే పోయింది. 98 గుంతల ప్రోట్రేలో ఎనభైకి పైగా మొలిచాయి. ముచ్చటపడి పైన కప్పిన ప్లాస్టిక్ కాగితాన్ని ఇంకో రెండు రోజులు అలాగే ఉంచి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లాను. ఒక ఉదయం చూసేసరికి ఒక మూలన ఉన్న మొక్కలు గాలి వీచినట్టు ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో పైకెత్తి చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నా, మట్టికి తగిలే చోట కాండం నీరు కారి, నొక్కుకుపోయి, కుట్టుదారమంత సన్నగా అయిపోయింది. దాన్నే నారుకుళ్ళు అంటారు. సాయంత్రానికి సగం ట్రే, మూడో రోజుకు ముప్పావు ట్రే పడిపోయాయి. ఒకసారి కాండం నొక్కుకుపోయిన మొలకను ఏ మందూ నిలబెట్టదు. పొలాల్లో నారుమడికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్ళు తడిసేలా పోస్తారు. వంటింటి కిటికీ దగ్గర నేను ఆ పని చేయను. విత్తే ముందు మాధ్యమంలో ట్రైకోడెర్మా (తెగులును అణచే మేలురకం శిలీంధ్రం) పొడి కలపడం, మొలక రాగానే కప్పు తీసేయడం, ఫ్యానును తక్కువ వేగంలో తిరగనివ్వడం, అన్నిటికన్నా ముందు స్ప్రేయరును పక్కన పెట్టడం ఇంటికి సరిపోతాయి.

అందుకే మొలిచిన తరవాత కిందినుంచి తాగించే పద్ధతిని ఎంచుకోమంటాను. పళ్ళెంలో ఒక వేలి గణుపు లోతున, అంటే రెండు సెంటీమీటర్ల మేర నీరు పోసి, ట్రేను అందులో ఇరవై నిమిషాలు ఉంచి, పై పొర రంగు మారడం మొదలవగానే తీసి, అడుగున కారే నీరంతా కారిపోనివ్వాలి. కాండం మొదలు పొడిగా ఉంటుంది, వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. ఈ పద్ధతిలో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది మన మతిమరుపు. ట్రేను నీళ్ళలోనే వదిలేసి ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి వేరు ఊపిరాడక ఉంటుంది. రెండోది లవణాలు. నీరు కిందినుంచి పైకెక్కి ఆవిరయ్యేటప్పుడు అందులోని ఉప్పును పై పొరలోనే వదిలిపోతుంది కనుక పది రోజులకోసారి పైనుంచి నెమ్మదిగా నీరు పోసి, కింది నుంచి కారేలా ఒకసారి కడగాలి.

వత్తి పద్ధతి చూడటానికి తెలివిగా ఉంటుంది, నాలుగు రోజులు ఊరెళ్ళేవారికి పనికొస్తుంది కూడా. కానీ నారు వయసులో మాధ్యమం ఎప్పుడూ తడిగానే ఉండటం మంచిది కాదు. పై పొర ఆరనప్పుడు అక్కడ పచ్చటి నాచు పడుతుంది, దోమల్లాంటి సన్నని నల్ల ఈగలు గుడ్లు పెడతాయి, వాటి పిల్లపురుగులు లేత వేళ్ళను కొరుకుతాయి. ఈగలు కనిపిస్తే పసుపురంగు జిగురు అట్టలు పెట్టి, నీళ్ళకు నీళ్ళకు మధ్య వ్యవధి పెంచాలి. వత్తిని నేను కుండీల్లోకి మార్చిన పెద్ద మొక్కలకే ఉంచుకుంటాను.

ఎప్పుడు పెట్టాలన్నదానికి గడియారం పనికిరాదు. ఏసీ గదిలో మూడు రోజులు నిలిచే తడి మే నెల వంటింట్లో ఒక్కరోజుకే ఆవిరైపోతుంది. తడిసిన కోకోపీట్ కాఫీపొడి రంగులోనూ, ఆరినది లేత గోధుమ రంగులోనూ ఉంటుంది కానీ పైరంగును మాత్రమే నమ్మితే మోసపోతాం, ఎందుకంటే పైన లేతబడినా లోపల తడి ఉంటుంది. నీరు పెట్టిన వెంటనే ఒకసారి, మర్నాడు ఒకసారి ట్రేను రెండు చేతులతో ఎత్తి బరువు చూసుకుంటే నాలుగు రోజుల్లో చేతికే తెలిసిపోతుంది. ట్రే చేతికి తేలికగా అనిపించి, ఆకులు ఇంకా వాడక ముందు ఉన్న ఆ వ్యవధే నీరు పెట్టవలసిన సమయం.

ఏ నీరు

మునిసిపల్ కుళాయి నీరు చాలామందికి సరిపోతుంది. క్లోరిన్ వాసన గట్టిగా ఉంటే రాత్రి వెడల్పు మూతి గిన్నెలో పట్టి ఉంచి ఉదయం వాడుకోవచ్చు. బోరు నీటితోనే చిక్కు. గీజరులో, బకెట్టు అంచున తెల్లగా పేరుకునే నీరు ట్రే పైపొర మీద కూడా అలాగే పేరుకుంటుంది. భారత తాగునీటి ప్రమాణం టీడీఎస్‌కు, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల వంటివాటి మొత్తానికి, లీటరుకు 500 మిల్లీగ్రాములను కోరదగిన హద్దుగా చెబుతుంది. నారుకు కూడా నేను దాన్నే హద్దుగా పెట్టుకున్నాను. అంతకు మించిన బోరు నీటిలో సగానికి సగం ఆర్‌ఓ నీరు కలుపుతాను. ఉత్తి ఆర్‌ఓ నీరు హాని చేయదు కానీ అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, కోకోపీట్ కూడా కాల్షియాన్ని తనలోకి లాగి పట్టి ఉంచుతుంది కనుక ఆ రెండూ కలిసినచోట వర్మీకంపోస్టు వంటిది తప్పనిసరి అవుతుంది.

ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని పొదుపు పేరుతో నారుకు పోసే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఉద్దేశం మంచిదే అయినా ఆ నీటిలో లోపలికి వెళ్ళినదానికన్నా ఎక్కువ లవణాలు ఉంటాయి. దాన్ని గచ్చు కడగడానికి వాడుకోండి. అమెరికాలో ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ ఉన్న ఇళ్ళలో, మార్చిలో బేస్‌మెంటు లైట్ల కింద గోంగూర, మిరప నారు పోసుకునే తెలుగువారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఆ యంత్రం కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది కనుక నారు కోసం దాని గుండా రాని కుళాయి నుంచి పట్టుకోవాలి.

ఎరువుల్లో ఏది

మొదటి అసలు ఆకు పూర్తిగా విచ్చుకుని రెండోది కనిపించే వరకు ఆగిన తరవాతే ఈ పోలిక మొదలవుతుంది. వర్మీకంపోస్టు కలిపిన మాధ్యమంలో వేసినవారు ఇంకో వారం పది రోజులు ఆగవచ్చు. ఉత్తి కోకోపీట్‌లో వేసినవారు మాత్రం ఇక్కడ మొదలుపెట్టాలి.

నీటిలో కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి 19 శాతం ఉన్నది) చవక, వాసన లేనిది, ఎంత ఇస్తున్నామో కచ్చితంగా తెలిసేది. దీనితో ప్రమాదమంతా మోతాదులోనే ఉంది. పొలంలో ఎదిగిన పైరుకు లీటరుకు 5 గ్రాముల చొప్పున పిచికారీ చేస్తారు, చాలామంది ఆ లెక్కనే తెచ్చి ట్రేలో పోస్తారు. లేత నారుకు లీటరుకు అర గ్రాము చాలు. 19 శాతం లెక్కన అది లీటరు నీటిలో 95 మిల్లీగ్రాముల నత్రజని అవుతుంది. వంటింటి కాటాలో అర గ్రాము తూగదు కాబట్టి 5 గ్రాములు తూచి లీటరు నీటిలో కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మామూలు నీటిలో కలపాలి. వారానికి ఒకసారి, పళ్ళెంలో పోసే నీటికి బదులు ఈ నీటిని ఇస్తే సరిపోతుంది. బాగా ఎండిన మాధ్యమంలో మాత్రం ఎరువు నీరు ఎప్పుడూ పోయకూడదు. ముందు ఉత్తి నీరు తాగించి, మర్నాడు ఎరువు ఇవ్వాలి. యూరియా, డీఏపీ, 17:17:17 వంటి గుళికలను నారు ట్రేలో వేయడం ఆలోచించవలసిన విషయమే కాదు. ఒక్క గుళిక పక్కన ఉన్న వేరును కాల్చడానికి చాలు.

వర్మీకంపోస్టును గుడ్డలో కట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు పలుచని టీ రంగుకు వచ్చేలా నీరు కలిపి పోయడం రెండో దారి. రసాయన ఎరువు వద్దనుకునేవారికి ఇదే నా సలహా. ఇందులో పోషకం ఎంతుందో చెప్పలేం, ప్రతిసారీ మారుతుంది, కానీ ఎక్కువై చెడగొట్టే భయం తక్కువ. జీవామృతం, పంచగవ్యలను ఇష్టపడే బంధువులు నాకూ ఉన్నారు. పెరడు ఉన్నవారు వాటిని వాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. అయితే 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి కలిపి పులియబెట్టే జీవామృతం ఎకరాల లెక్కన తయారయ్యేది. దాన్ని బకెట్టుకు కుదించి మూసి ఉన్న గదిలో ట్రేకు పోస్తే, బెల్లం వాసనకు ఈగలు, మిగిలిన వాసనకు ఇంట్లోవాళ్ళు గొడవ మొదలుపెడతారు.

బియ్యం కడిగిన నీళ్ళు, ఉల్లి తొక్కల నీళ్ళు, అరటి తొక్క నానబెట్టిన నీళ్ళ గురించి రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బయట మట్టిలో కాసే బెండ మొక్క మొదలు దగ్గర పోసిన కడుగు నీళ్ళు ఏ హానీ చేయవు. కానీ ప్రోట్రే గుంతలో పడిన పిండి పదార్థం పులిసి, పైన బూజు పడుతుంది. నారుకుళ్ళుతో ఒకసారి దెబ్బతిన్నవాడిగా ఆ నీళ్ళను ట్రే దరిదాపులకు రానివ్వను. కోడిగుడ్డు పెంకు పొడి కరగడానికి నెలలు పడుతుంది. అది కుండీ మట్టిలోకి పనికొస్తుంది, నారుకు అందదు.

ఆకు ఏం చెబుతోంది

బీజదళాలు మూడు నాలుగు అసలు ఆకులు వచ్చాక పసుపుబారి రాలడం సహజం. అప్పుడు కంగారుపడి ఎరువు పెంచకూడదు. అసలు ఆకుల్లో కింది ఆకులు మొత్తంగా పాలిపోతూ ఎదుగుదల ఆగితే నత్రజని చాలడం లేదని భావించి ఎరువు మొదలుపెట్టవచ్చు. ఆకు అంచులు, కొనలు మాడి, మాధ్యమం పైన తెల్లటి పొర కనిపిస్తే ఎరువో, నీటి ఉప్పో ఎక్కువైనట్టు. పైనుంచి మంచి నీటితో కడిగి, రెండు వారాలు ఎరువు ఆపాలి. టమాటా ఆకు అడుగు ఊదారంగుకు తిరిగితే భాస్వరం అందడం లేదన్నమాట. చలి ప్రాంతాల్లో దానికి కారణం చాలావరకు ఎరువు లేకపోవడం కాక వేరు చల్లబడటమే కనుక ట్రేను వెచ్చని చోటికి జరిపి చూడాలి.

వాడిన ఆకు మాత్రం రెండు రకాలుగా అర్థం చెబుతుంది కనుక జాగ్రత్త. నీరు లేకా వాడుతుంది, నీరెక్కువై వేరు కుళ్ళినా వాడుతుంది. ట్రే ఎత్తి చూడండి. బరువుగా ఉండి మొక్క వాడితే పొరపాటున కూడా నీరు పోయకుండా, అడుగు నీరు వంపేసి, గాలి తగిలే చోట ఉంచాలి. సన్నగా, పొడుగ్గా సాగి తలవాల్చిన నారుకు కావలసింది ఎరువు కాదు, వెలుతురు. దానికి నత్రజని ఇస్తే ఇంకా సాగుతుంది. ట్యూబ్‌లైటును ఆకులకు జానెడు ఎత్తుకు దించి రోజుకు 14 గంటలు వెలిగిస్తే కొత్తగా వచ్చే ఆకులు దగ్గర దగ్గరగా వస్తాయి.

ఎవరికి ఏది నప్పుతుంది

ఉదయం వెళ్ళి రాత్రి వచ్చే ఉద్యోగులు వర్మీకంపోస్టు కలిపిన మిశ్రమం, కిందినుంచి నీరు, ఎరువు లేకుండా టమాటా అనే కలయికతో మొదలుపెడితే పొరపాటుకు చోటు తక్కువ. ట్రేను నీళ్ళలో ఉంచే పనిని మాత్రం ఉదయం హడావుడిలో కాక రాత్రి అన్నాల వేళ పెట్టుకోవాలి. ఇంట్లోనే ఉండి, తూచి కలిపే ఓపిక ఉన్నవారు ఉత్తి కోకోపీట్, 19:19:19 తీసుకుంటే నారు ఎక్కువ సమంగా ఎదుగుతుంది. మిరప ఎక్కువ రోజులు ట్రేలో ఉంటుంది కనుక ఏ మాధ్యమంలో వేసినా మూడో వారం నుంచి దానికి ఏదో ఒక ఎరువు కావాలి. బోరు నీరు తప్ప వేరే గతి లేనివారు రసాయన ఎరువు జోలికి పోకుండా ఉండటమే మేలు, ఎందుకంటే ఆ నీటి ఉప్పుకు ఎరువు ఉప్పు తోడవుతుంది.

కుండీలోకి మార్చే ముందటి వారం రోజులు ఎరువు ఆపి, నీళ్ళకు నీళ్ళకు మధ్య ఒక పూట ఎక్కువ విరామం ఇచ్చి, ట్రేను మొదట నీడలో గంటసేపు, తరవాత ఉదయపు ఎండలో రెండు మూడు గంటలు బయట ఉంచాలి. మార్చే రోజున మాత్రం సాయంత్రం ఎండ తగ్గే వేళకు గంట ముందే పళ్ళెంలో నీరు పోసి ట్రేను బాగా తాగనివ్వాలి. అప్పుడు గుంతను అడుగు నుంచి బొటనవేలితో నొక్కితే వేళ్ళు అల్లుకున్న ముద్ద చెదరకుండా చేతిలోకి వస్తుంది.